పది రోజులు తీయని గోళ్ళు

మా ఇంట్లో పిల్లికి నేనే గోళ్ళు తీస్తానని చెబితే ఆఫీసులో అందరూ నవ్వేవాళ్ళు. ఆదివారం పూట ఇంకేం పని దొరకలేదా అనేవాళ్ళు. మొయినాబాద్‌లో మా గల్లీవాళ్ళు ఇంకొంచెం ముందుకు పోయి, పిల్లికి క్షవరం అయ్యాక మాకూ ఒక నంబరు రాసిపెట్టమనేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అని ఊరుకునేవాణ్ణి. ఆ పని నేను ముద్దు కోసం చేసింది కాదు. మా అమ్మ కాళ్ళు బాగుండాలంటే ఆ పిల్లి గోళ్ళు మొద్దుగా ఉండాలి. అంతే సంగతి.

అమ్మకు షుగర్ వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. పాదాల్లో స్పర్శ పూర్తిగా పోయింది. ఒకసారి చెప్పులో పడ్డ గులకరాయి మీద పొద్దంతా నడిచింది, సాయంత్రం చెప్పు విప్పితే గాని తెలియలేదు. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. అప్పుడు డాక్టరు అమ్మను బయటే ఉంచి, బాపును కూర్చోబెట్టుకుని నా ముందే చెప్పాడు. ఈమెకు నొప్పి తెలియదు, కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు రోజూ ఆమె పాదాలు చూడాలి, ఒక్క గీత పడ్డా మర్నాడే తీసుకురావాలి, లేకపోతే ఒకనాడు కాలు తీసేయాల్సి వస్తుందన్నాడు.

బాపు ఆ మాట మళ్ళీ చెప్పించుకోలేదు. ఆయనకు చేవెళ్లలో విత్తనాల దుకాణం ఉండేది. మా పొలం ముడిమ్యాలలో, ఇల్లు మొయినాబాద్‌లో. రోజూ దుకాణానికి బయలుదేరే ముందు చిన్న పీట వేసుకుని కూర్చుని అమ్మ పాదాలు ఒళ్ళో పెట్టుకునేవాడు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులన్నీ మెత్తటి బట్టతో తుడిచి, తను గడ్డం గీసుకునే అద్దం కిందికి పెట్టి అరికాళ్ళు చూసేవాడు. మెట్టెలను అటూ ఇటూ తిప్పి వాటి కింద కూడా చూసేవాడు. అమ్మ సిగ్గుతో ముందే తలుపు గొళ్ళెం పెట్టేది. పెండ్లాం కాళ్ళు పట్టుకున్నాడని ఎవరన్నా చూస్తే ఊరంతా చెప్పుకుంటారని ఆమె భయం. బాపు మాత్రం దుకాణంలో మొలకల్ని పరీక్షించే మొహంతోనే ఆ పని చేసేవాడు. ఒక్క ప్రేమ మాట మాట్లాడగా నేను వినలేదు.

ఆ ఇంట్లోకి పిల్లి వచ్చింది. ఐటీ కంపెనీలు లేచిన రోజులవి. గచ్చిబౌలి నుంచి మా రోడ్డు దాకా ఎక్కడ చూసినా ప్లాట్ల రాళ్ళు, ఫామ్‌హౌస్‌ల గోడలు. నిన్న జొన్న ఉన్న చోట ఇవాళ గేటు ఉండేది. జన్వాడ దగ్గర ఒక ఫామ్‌హౌస్ చేతులు మారింది. పాత యజమాని సామాను పట్టుకుపోయాడు, పిల్లిని వదిలేశాడు. కొత్తాయన వెంట రెండు పెద్ద కుక్కలు వచ్చాయి. ఇక్కడ ఉంటే రెండు రోజులు కూడా బతకదని అక్కడి కాపలాదారు దాన్ని అట్టపెట్టెలో పెట్టి విత్తనాలకు వచ్చినప్పుడు బాపు చేతిలో పెట్టాడు. తెల్లటి బొచ్చు, నీలం కళ్ళు. అమ్మ దాన్ని తెల్లది అని పిలిచేది. పిలిస్తే వచ్చేది మాత్రం కాదు.

ఎందుకు రాదో వారానికి తెలిసింది. వంటింట్లో ఇత్తడి గుండిగ జారి పడి ఇల్లంతా మోగితే పిల్లి కన్ను కూడా తెరవలేదు. దానికి చెవులు వినిపించవు. ఇక బయటికి వదిలే మాటే లేదు. మా ఇంటి ముందే లారీలు పోయే రోడ్డు, గల్లీ నిండా కుక్కలు. అట్లా అది ఇంటి పిల్లి అయిపోయింది. వినబడని దానికీ, కాళ్ళు తెలియని మనిషికీ ఎట్లా కుదిరిందో గాని బాగా కుదిరింది. పగలంతా అమ్మ పాదాల దగ్గరే పడుకునేది. అమ్మ రోజూ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని దాని బొచ్చు దువ్వేది. ఒక్కరోజు దువ్వకపోతే చంకల్లో, తోక కింద బొచ్చు ఉండలు కట్టేది. మళ్ళీ ఆ ఉండల్ని తడిపి, వేళ్ళతో విప్పి, ఒక్కోసారి కత్తిరించాల్సి వచ్చేది.

గోళ్ళ పని నాది. నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి ఎవరైనా ముట్టుకుంటే అది ఎగిరిపడి దొరికిన దాన్ని దొరికినట్టే పట్టుకునేది. దుప్పటైనా సరే, చేతైనా సరే. ఒకసారి నా మణికట్టు మీద మూడు గీతలు పడ్డాయి. బాపు ఆ గీతల్ని చూశాడు, అమ్మ పాదాల్ని చూశాడు. దీన్ని ఉంచాలంటే దీని గోళ్ళు నీ జిమ్మా అన్నాడు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడ వస్తుందో వెతికి పట్టుకోవడమే ఉద్యోగం. ఈ పనీ అదే పద్ధతిలో నేర్చుకున్నాను. ఆఫీసులో ఇంటర్నెట్లో చదివి, నగరంలో పిల్లుల కోసం అమ్మే కత్తెర కొనుక్కొచ్చాను. పద్నాలుగు రోజులకు ఒక ఆదివారం. ముందు నేల మీద అరచేత్తో రెండుసార్లు తట్టాలి. చెవులు వినబడకపోయినా నేల అదిరితే అది తల తిప్పి చూస్తుంది. అప్పుడు ఎదురుగా వెళ్ళి, పాత తువ్వాలు చుట్టి, కిటికీ వెలుతురులో ఒళ్ళో పెట్టుకోవాలి. పంజా కింది మెత్త మీద నొక్కితే గోరు బయటికి వస్తుంది. వెలుతురుకు పెడితే లోపల గులాబీ రంగు గీత కనిపిస్తుంది, అది నెత్తురు. దాన్ని ముట్టకుండా చివర తెల్లటి కొస మాత్రమే తీయాలి. అమ్మ పక్కన కూర్చుని దాని తల నిమిరేది. మరీ లోపలికి తీయకు, దానికి పట్టుకోను ఏమీ ఉండదు అని ప్రతిసారీ చెప్పేది. ఇంట్లో ఉండేదానికి పట్టుకోవడం దేనికమ్మా అని నేను నవ్వేవాణ్ణి.

ఇట్లా మూడేళ్ళు గడిచాయి. పొద్దున బాపు పాదాలు చూసేవాడు, పద్నాలుగు రోజులకొకసారి నేను గోళ్ళు తీసేవాణ్ణి. అమ్మ పాదాల మీద ఒక్క గీత పడలేదు.

బాపుకు పక్షవాతం దుకాణంలోనే వచ్చింది, విత్తనాల సంచి తూకం వేస్తుంటే. ఇరవై రోజులు నగరంలో దవాఖానలో ఉన్నాడు. ఆ ఇరవై రోజులు నేనూ అమ్మా అక్కడే ఉన్నాం. పక్కింటామె పిల్లికి పాలూ అన్నమూ పెట్టింది, అదే ఎక్కువ. చివరి రోజుల్లో బాపుకు మాట లేదు. చూపు మాత్రం అమ్మ కాళ్ళ మీదికి పోతుండేది. నేను దాన్ని రోగం చూపు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆయన అంతకన్నా ఎట్లా చెప్పాలి?

ఇంటికి శవంతో వచ్చాం. కొరివి నేనే పెట్టాను. ఇక పది రోజులు నేను గడ్డం గీసుకోకూడదు, గోళ్ళు తీసుకోకూడదు, తల దువ్వకూడదు, చెప్పులు తొడగకూడదు. బంధువులతో ఇల్లు నిండిపోయింది. షాబాద్ నుంచి వచ్చిన మేనత్త ఇంటి పెత్తనమంతా మీదేసుకుంది. బాపు కన్నా పెద్దది. తమ్ముడు పోయిన దుఃఖాన్ని పనిలో పెట్టి, నలభై మందికి వండిస్తూ ఏ తంతులోనూ లోటు రాకుండా చూసింది. అమ్మను వెనక గదిలో ఒక మూల చాప మీద కూర్చోబెట్టారు. ఆ మూల దాటి రాకూడదు. అందరూ గడప దగ్గర కూర్చుని ఏడ్చి వెళ్ళేవాళ్ళు, ఆమె పక్కకు ఎవరూ పోయేవాళ్ళు కాదు. నేను ముందు గదిలో, ఆమె వెనక గదిలో. పది రోజుల్లో నేను అమ్మతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

పిల్లికి పిచ్చెక్కినట్టయింది. అన్నేసి కాళ్ళు పొద్దంతా నేల అదరగొడుతుంటే దానికి ఎటు చూడాలో తెలియలేదు. మంచాల కిందా బియ్యం బస్తాల వెనకా దాక్కుని, చివరికి అమ్మ మూలకు చేరింది. ఆమె చీర కుచ్చిళ్ళలో దూరి పాదాలకు చుట్టుకుని పడుకుంది.

రెండో రోజు అది చాప మీద నడుస్తుంటే గోళ్ళు చాపకు తట్టుకోవడం చూశాను. ఒక్కో అడుగుకు కాలు గుంజుకుని తీస్తోంది. లెక్క చూసుకుంటే నెల దాటింది. బొచ్చు కూడా ఉండలు కట్టింది. లేచి వెళ్ళి గూట్లోంచి కత్తెర తీశాను. మేనత్త చూసింది.

"కర్మ చేసేటోనివి, కత్తెర ముట్టొద్దు బిడ్డా," అన్నది. "ఇంట్ల మనుషులే గోళ్ళు తీసుకుంటలేరు, పిల్లికి తీస్తవా? పదొద్దులు ఆగు. దానికేం పోతది?"

దానికేం పోతుందో నాకు తెలుసు. ఆ ఇంట్లో బతికున్నవాళ్ళలో డాక్టరు మాట చెవులారా విన్నది నేనొక్కణ్ణే. అత్తకు పాదాల సంగతి ఎవరూ చెప్పలేదు, అమ్మ సిగ్గుపడి గొళ్ళెం పెట్టుకున్న తలుపు వెనకాలి సంగతి అది. ఒక్క మాట చెప్తే ఆమె విని ఉండేదేమో. నేను చెప్పలేదు. గడప దగ్గర పది మంది కూర్చున్నారు. తండ్రి పోయి రెండు రోజులు కాలేదు, కొడుకు పిల్లి గోళ్ళు తీస్తున్నాడని అంటారేమోనని మొహమాటపడ్డాను. కత్తెర గూట్లో పెట్టేశాను. ఆఫీసులో చిన్న బటన్ పనిచేయకపోతే పది మందికి మెయిళ్ళు పెట్టేవాణ్ణి, ఇక్కడ నోరు లేవలేదు. బాపు రోజూ చేసే పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారన్న ఆలోచనైతే అసలు రానేలేదు.

పదో రోజు చెరువు ఒడ్డున నాకు గుండు చేశారు. మంగలాయన పక్కనే కూర్చుని నా చేతి గోళ్ళు, కాలి గోళ్ళు శ్రద్ధగా తీశాడు. ఆ చిన్న చప్పుడు వింటూ, ఇంటికి పోగానే పిల్లి పని చూడాలనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి వెనక గదిలో ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. గాజులు తీశారు, బొట్టు తీశారు, ఇక కాలి మెట్టెలు తీయాలి. ఎడమ కాలిది వచ్చింది, కుడి కాలిది రావడం లేదు. మేనత్త నూనె రాసి గుంజుతోంది. పెనిమిటి మీద ప్రేమ, విడవబుద్ధి కావట్లేదని ఎవరో ఏడుస్తూ అన్నారు. అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. వేలికి నొప్పి లేదు కదా, ఎంత గుంజినా ఆమెకు ఒకటే.

నాకు ముందు వాసన తగిలింది. అందరినీ జరిపి కింద కూర్చున్నాను. మెట్టె వేలు బొటనవేలంత వాచి, నల్లబడి, వెండి కట్టు చర్మంలోకి దిగిపోయి ఉంది. దాని పక్కన మూడు సన్నటి గీతలు. నా మణికట్టు మీద ఎట్లా పడ్డాయో అట్లాగే. పాదం మీదికి ఎర్రగా వాపు ఎక్కుతోంది. షెడ్డులోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చి మెట్టెను నేనే కత్తిరించాను. చీము నా చేతి మీద కారింది. మేనత్త అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది.

దవాఖానలో డాక్టరు మమ్మల్ని చూసి, రోజూ పాదాలు చూసే ఆయన ఏడని అడిగాడు. నా గుండు చూశాక అమ్మ పాదం వైపు తిరిగాడు. ముందు వేలు తీశారు. నాలుగు రోజులకు సగం పాదం తీశారు. విషం ఆగలేదు. చివరికి మోకాలి కింద దాకా తీసేశారు. సంతకాలు మూడుసార్లూ నావే.

మూడో సంతకం పెట్టిన మర్నాడు బట్టల కోసం ఇంటికి వచ్చాను. పిల్లి అమ్మ మూలలో, ఖాళీ చాప మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేచి ఒళ్ళు విరుచుకుంది. నాకు కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. తువ్వాలు చుట్టలేదు, నేల తట్టలేదు, వెలుతురు చూడలేదు. మెడ పట్టుకుని పద్దెనిమిది గోళ్ళూ మొదలంటా కత్తిరించాను. రెండు చోట్ల నెత్తురు వచ్చింది. అది అరుస్తూనే ఉంది. వంటింట్లోంచి మేనత్త వచ్చి నా చేయి పట్టుకుంది.

"ఇడిసిపెట్టు బిడ్డా. నోరు లేనిది, దాన్నేం చేస్తవ్? తప్పు నాది. నన్నను," అన్నది.

ఆమెను అనలేదు. ఆమెను అంటే రెండో రోజు నోరు మూసుకున్న నన్ను కూడా అనుకోవాలి. పిల్లిని సంచిలో వేసి, మూతి కట్టి, బండి మీద జన్వాడకు పోయాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే వదులుతున్నానని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. ఫామ్‌హౌస్ గేటు దగ్గర ఎవరూ లేరు. గోడ పక్కన సంచి విప్పి, అది బయటికి రాకముందే బండి తిప్పుకుని వచ్చేశాను.

అమ్మ దవాఖానలో ఇంకో ఇరవై ఐదు రోజులు ఉంది. రోజూ పిల్లి తింటోందా అని అడిగేది. తింటోంది అనేవాణ్ణి. దువ్వుతున్నారా అని అడిగేది. అత్త దువ్వుతోందని చెప్పేవాణ్ణి. అబద్ధం ఒకసారి మొదలుపెట్టాక రోజూ చెప్పడం పెద్ద కష్టం కాలేదు.

ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాం. అమ్మ తన కాలు లేని చోటు చూసుకోలేదు, మంచం కింద చూసింది, మూలలో చూసింది. ఇక దాచలేక చెప్పాను. నిన్ను ఇట్లా చేసింది కదా, నాకు కోపం వచ్చి వదిలేశానన్నాను.

"నేను నాలుగో నాడే చూసిన, నెత్తురు," అన్నది అమ్మ పైకప్పు చూస్తూ. "ఊడ్వనికి చాప కొస గుంజిండ్రు ఎవరో. అది అదిరిపడి నా వేలు పట్టుకున్నది. చెప్తె దాన్ని ఎక్కడన్న ఇడిసొస్తరని చెప్పలే. కుచ్చిళ్ళు కప్పుకున్న. ఆ పదొద్దులు నా దగ్గరకొచ్చి కూసున్నది అదొక్కటే బిడ్డా."

నేను ఏడ్చాను. గుండు చేసిన నాడు కూడా అంత ఏడవలేదు.

తెల్లవారగానే జన్వాడ పోయాను. ఈసారి కాపలాదారు ఉన్నాడు. బాపు చేతిలో పిల్లిని పెట్టిన మనిషే. చూశానన్నా అన్నాడు. నేను వదిలిన రోజు సాయంత్రమే కుక్కల్ని విప్పారట. వెనకనే వస్తున్నా అది చూసుకోలేదట. చూసుకున్నాక గోడ మీదికి దూకింది. "రెండు సార్లు దుంకిందన్నా. పట్టు దొరకలే, జారింది. నేను ఉరికొచ్చేవరకు అయిపోయింది," అన్నాడు. పాతిపెట్టిన చోటు చూపిస్తానంటే వద్దన్నాను. చూసే మొహం నాకు లేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. దొరికిందా అని అడగలేదు. నా చేతులు ఖాళీగా ఉండడం చూసే ఉంటుంది.

"గోళ్ళు తీసి ఇడిసినవా, తియ్యకుంట ఇడిసినవా?" అన్నది.

"తియ్యలేదమ్మా," అన్నాను.

అమ్మ మొహంలో బిగువు తగ్గింది. "మంచి పని చేసినవ్. గోళ్ళుంటె ఎట్లనో గట్ల బతుకుతది. చెట్టన్న ఎక్కుతది," అన్నది. ఆ రోజు మొదటిసారి అడిగి అన్నం పెట్టించుకుంది.

అప్పటి నుంచి రోజూ బాపు పీట మీద నేను కూర్చుంటున్నాను. మిగిలిన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కడుగుతాను, ఆ అద్దంతోనే అరికాలు చూస్తాను. మేనత్త షాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా నా వెనక నిలబడి తనూ చూస్తుంది. తలుపు గొళ్ళెం ఇప్పుడు ఎవరూ పెట్టరు. పద్నాలుగు రోజులకు ఒక ఆదివారం కిటికీ దగ్గర అమ్మ కాలి గోళ్ళు తీస్తాను. అప్పుడు అమ్మకు తెల్లది గుర్తొస్తుంది. జన్వాడ తోటల్లో ఉడతలు బాగా ఉంటాయి కదా అంటుంది, బొచ్చు ఎవరు దువ్వుతున్నారో అంటుంది, గోళ్ళు ఇప్పటికి ఎంత పెరిగి ఉంటాయో అంటుంది. చాలా పెరిగి ఉంటాయమ్మా అని చెప్పి, తల వంచుకుని గోరు తీస్తాను.